యుద్ధం, శాంతి చరిత్రలో ఎంఏ: ఫైలు దొరికే ప్రశ్నతో డిసర్టేషన్ రాయడం ఎలా

బ్రిటన్‌లో ఆధునిక యుద్ధ, శాంతి చరిత్ర ఎంఏ సాధారణంగా పన్నెండు నెలల చదువు. మొత్తం 180 క్రెడిట్లు. అందులో 60, అంటే మూడో వంతు, ఒక్క డిసర్టేషన్‌వే, అంటే చివర్లో రాసే పెద్ద పరిశోధన వ్యాసానివే. నిడివి విశ్వవిద్యాలయాన్ని బట్టి 12,000 నుంచి 15,000 పదాలు. సెప్టెంబరు చివర్లో క్లాసులు మొదలైతే మరుసటి ఏడాది ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదట్లోనో డిసర్టేషన్ ఇచ్చేయాలి. మధ్యలోని రెండు టర్ములూ సెమినార్లకు, వ్యాసాలకు సరిపోతాయి. ఆ వ్యాసాలు అయ్యాక మే నెలలో అంశం వెతుక్కుందామనుకుంటే చేతిలో మిగిలేది పదమూడు, పద్నాలుగు వారాలు.

ఆ వారాలు చాలతాయి, కానీ ప్రశ్న అప్పటికే సిద్ధంగా ఉండాలి. అంతేకాదు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కాగితాలు ఎక్కడున్నాయో, వాటిని చూడనిస్తారో లేదో కూడా తెలిసి ఉండాలి. ఈ చదువులో దెబ్బతినేవాళ్లు ఎక్కువగా తెలివి తక్కువై దెబ్బతినరు. అంశాన్ని ప్రశ్న అనుకోవడం వల్ల దెబ్బతింటారు. ‘రెండో ప్రపంచ యుద్ధంలో ఆంధ్ర తీరం’ అన్నది అంశం. దాని మీద పుస్తకం రాయొచ్చు, 15,000 పదాల్లో ఏమీ తేల్చలేం. అంశం నుంచి ప్రశ్నకు, ప్రశ్న నుంచి ఫైలుకు, ఫైలు నుంచి పేజీకి ఎలా వెళ్లాలో ఒక్క ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఆ ఉదాహరణ 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.

కోర్సు పేరు కాదు, మాడ్యూళ్లు చూడండి

ఒకే రకంగా వినిపించే పేర్ల వెనుక మూడు వేర్వేరు చదువులుంటాయి. ‘హిస్టరీ ఆఫ్ వార్’ అంటే చరిత్ర: ఆర్కైవ్, ఆధారం, కాలక్రమం. ‘వార్ స్టడీస్’లో చరిత్రతో పాటు వ్యూహం, రాజనీతి, సామాజిక శాస్త్ర సిద్ధాంతాలు కలిసి ఉంటాయి. ‘పీస్ స్టడీస్’ చాలాచోట్ల ఇవాళ్టి సంఘర్షణల మీద, మధ్యవర్తిత్వం మీద, విధానాల మీద నడుస్తుంది. లండన్ కింగ్స్ కాలేజీలోని వార్ స్టడీస్ విభాగం, 1973లో మొదలైన బ్రాడ్‌ఫర్డ్ శాంతి అధ్యయన విభాగం, 1919లోనే అంతర్జాతీయ రాజకీయాలకు ప్రొఫెసర్ పీఠం పెట్టిన వేల్స్‌లోని అబెరిస్టుయిత్... ఈ మూడూ మంచివే, కానీ మూడింట్లోనూ మీరు చేసే పని వేరు. ఆ అబెరిస్టుయిత్ పీఠం మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకార్థం పెట్టినది. యుద్ధం గురించి చదవడమూ శాంతి గురించి చదవడమూ మొదటి నుంచీ కలిసే పుట్టాయని దాన్ని చూస్తే తెలుస్తుంది.

మాడ్యూళ్ల జాబితా తెరిచి మూడు సంగతులు చూడండి. డిసర్టేషన్ తప్పనిసరా, ఐచ్ఛికమా? ఆర్కైవ్ పని నేర్పే శిక్షణ మాడ్యూల్ ఉందా? మీ కాలం, మీ ప్రాంతం మీద పనిచేసే అధ్యాపకులు కనీసం ఇద్దరున్నారా? ఇద్దరు అనడానికి కారణం ఉంది. ఉన్న ఒక్కరూ పరిశోధన సెలవులో వెళ్తే మీ పని చూసేవాళ్లు ఉండరు. ఆ ఏడాది ఎవరు సెలవులో ఉంటారో దరఖాస్తుకు ముందే విభాగానికి మెయిల్ రాసి అడగొచ్చు, అందులో తప్పులేదు.

మన దేశంలో చదవాలనుకుంటే మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ పుణె సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయంలోనూ డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ విభాగాలున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూలలో చరిత్ర ఎంఏ చేయవచ్చు. రెండేళ్ల సమయం దొరకడం ఇక్కడ పెద్ద లాభం.

దరఖాస్తులో తప్పేది ఎక్కడ

ఆంగ్ల పరీక్ష, ఫీజు, వీసా సంగతులు అందరూ చెప్పేవే కాబట్టి క్లుప్తంగా. డిగ్రీలో ఎక్కువగా అడిగేది మొదటి తరగతి, అంటే 60 శాతం పైమాట. ట్రాన్స్‌క్రిప్ట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్... ఇవి మన విశ్వవిద్యాలయాల నుంచి చేతికి రావడానికి వారాలు పడుతుంది, ముందే పెట్టండి. వీసాకు చూపే డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. ఆ మధ్యలో ఒక్క రోజు నిల్వ తగ్గినా దరఖాస్తు తిరస్కరించవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే షెవనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల ఉద్యోగానుభవం కావాలి, కాబట్టి డిగ్రీ అయిన వెంటనే వెళ్లేవాళ్లకు అది వర్తించదు. తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలకు పెట్టేటప్పుడు చరిత్ర కోర్సు అర్హత జాబితాలో ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

అసలు తేడా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసే వ్యాసంలో వస్తుంది. చిన్నప్పటి నుంచి సైన్యం అంటే ఇష్టం, యుద్ధం సినిమాలు చూసి ఆసక్తి పుట్టింది అని మొదలుపెడితే ఎంపిక చేసేవాళ్లకు మీ గురించి కొత్తగా ఏమీ తెలియదు. మొదటి పేరాలోనే ఒక ప్రశ్న పెట్టండి. రెండో పేరాలో ఆ ప్రశ్న మీద ఇప్పటిదాకా చరిత్రకారులు ఏమన్నారో, ఎక్కడ విభేదించారో చెప్పండి. మూడో పేరాలో ఏ ఆర్కైవ్‌లో ఏ శ్రేణి ఫైళ్లు చూడాలనుకుంటున్నారో రాయండి. బీటెక్ చదివి చరిత్రలోకి వచ్చేవాళ్లకు ఈ మూడో పేరా ప్రాణం. చరిత్ర డిగ్రీ లేకపోయినా ఆధారం విలువ తెలుసని నిరూపించేది అదొక్కటే. తెలుగు చదవడం వచ్చు అన్న మాటను కూడా నామోషీ పడకుండా రాయండి. 1942 నాటి తెలుగు పత్రికను మూలంలో చదవగలిగినవాళ్లు ఆ విభాగాల్లో అరుదు.

అంశాన్ని ప్రశ్నగా మార్చడం

ఒక ప్రశ్న పనికొస్తుందో లేదో చూడటానికి నాలుగు పరీక్షలున్నాయి. కాలం ఏడాది లోపు ఉండాలి. ప్రాంతం ఒక జిల్లానో ఒక దళమో ఒక కార్యాలయమో అయి ఉండాలి. జవాబు ‘అవును’ అయినా ‘కాదు’ అయినా కొత్త సంగతి తెలియాలి. కనీసం రెండు వేర్వేరు చేతుల నుంచి వచ్చిన కాగితాలు దానికి ఉండాలి. నాలుగో పరీక్షలోనే ఎక్కువ ప్రశ్నలు ఓడిపోతాయి.

ఏప్రిల్ 6నే తీసుకుందాం. ‘విశాఖ మీద దాడి ఎలా జరిగింది?’ అంటే అది సంఘటన. దాన్ని చెప్పడానికి పది పేజీలు చాలు, తేలేదీ ఏమీ లేదు. చుట్టూ ఏం జరుగుతోందో చూడండి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడి ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లు వేలల్లో తిరుగు ప్రయాణం కట్టారు, ఓడ దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్ దారిన కాలినడకన. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి, 6న మన తీరం మీద, 9న ట్రింకోమలీ మీద. అదే వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలను లోతట్టు ఊళ్లకు తరలించారు. అదే సమయంలో ఢిల్లీలో క్రిప్స్ రాయబారం, అంటే యుద్ధంలో సహకారం కోసం బ్రిటిష్ మంత్రి క్రిప్స్ భారత నాయకులతో చేసిన చర్చలు నడుస్తున్నాయి.

ఇప్పుడు ప్రశ్న ఇలా అడగొచ్చు: 1942 జనవరి నుంచి ఏప్రిల్ మధ్య విశాఖ, కాకినాడ జనం ఊళ్లు వదలడానికి కారణం బాంబులా, లేక బాంబులకు ముందే బర్మా నుంచి వచ్చినవాళ్లు చెప్పిన మాటలా? ఇందులో కాలం నాలుగు నెలలు, ప్రాంతం రెండు ఓడరేవులు. ఏ జవాబు వచ్చినా విషయం ఉంది. బాంబులే కారణమైతే ప్రభుత్వం రక్షణ ఏర్పాట్ల వైఫల్యం గురించి మాట్లాడాలి. మాటలు కారణమైతే, ప్రభుత్వం ‘వదంతులు’ అని కొట్టిపారేసినవి నిజానికి కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం అని చెప్పాల్సి వస్తుంది. ఆ రెండో జవాబు నిలబడితే అది చరిత్రకారులు పట్టించుకునే వాదన.

కాగితాలు ఎక్కడున్నాయి

లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ (లండన్ నుంచి భారత పాలన చూసిన శాఖ) రికార్డులతో మొదలుపెట్టండి. రాష్ట్ర గవర్నర్లు వైస్రాయ్‌కి రాసే లేఖలు, పక్షానికొకసారి పంపే నివేదికలు ‘ఎల్/పీజే/5’ శ్రేణిలో ఉంటాయి. యుద్ధకాలపు సైనిక ఫైళ్లు ‘ఎల్/డబ్ల్యూఎస్’లో, బర్మా ఆఫీస్ కాగితాలు ‘ఎం’ శ్రేణిలో. రీడర్ పాస్ ఉచితం. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి తర్వాత అక్కడ ఆర్డరు పద్ధతులు మారాయి. కావలసిన సంపుటాల నంబర్లతో వెళ్లే వారం ముందే రెఫరెన్స్ విభాగానికి మెయిల్ రాసి, తెప్పించగలరో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధ శాఖ, నౌకాదళం, వైమానిక దళం, మంత్రివర్గం ఫైళ్లుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధపు దళాల దినచర్యలు ‘డబ్ల్యూఓ 95’, రెండో యుద్ధంలో ఆగ్నేయాసియా దళాలవి ‘డబ్ల్యూఓ 172’, స్క్వాడ్రన్ల రికార్డు పుస్తకాలు ‘ఎయిర్ 27’, నౌకాదళ యుద్ధ చరిత్ర ఫైళ్లు ‘ఏడీఎం 199’, యుద్ధ మంత్రివర్గం మినిట్స్ ‘క్యాబ్ 65’. చాలామంది మనవాళ్లు ముత్తాత సైన్యంలో ఉండేవారని సర్వీసు రికార్డు కోసం క్యూకు వెళ్తారు. కింది ర్యాంకుల భారత సైనికుల వ్యక్తిగత రికార్డులు అక్కడ దాదాపు ఉండవు. బ్రిటిష్ సైనికులవే మొదటి యుద్ధం నాటివి సగానికి పైగా 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి.

ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాలో హోం పొలిటికల్ ఫైళ్లు కీలకం. పక్ష నివేదికలు అక్కడ 18తో మొదలయ్యే నంబరుతో, నెల, ఏడాది కలిపి ఉంటాయి: ఏప్రిల్ 1942ది 18/4/42. బర్మా నుంచి వచ్చినవాళ్ల సంగతులు ఆనాటి ఇండియన్స్ ఓవర్సీస్ శాఖ ఫైళ్లలో చూడాలి. అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే స్కాన్ అయిన ఫైళ్లు ఇంటి నుంచే తెరవచ్చు. లండన్‌లో ఉంటూ ఢిల్లీ పని చేయడానికి ఇదే దారి. నేరుగా వెళ్లి స్లిప్పు పెడితే అది ‘ఎన్‌టీ’ అని తిరిగి రావడం మామూలే. నాట్ ట్రాన్స్‌ఫర్డ్, అంటే ఇండెక్సులో పేరుంది గానీ ఫైలు ఆర్కైవ్‌కు చేరలేదు. ‘బ్రిటిల్’ అని వస్తే కాగితం పొడిబారి ఇవ్వలేని స్థితిలో ఉందని. ఒక ప్రశ్నకు మూడు ఫైళ్లు చాలనుకుంటే పది నంబర్లతో వెళ్లండి.

చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ జీవోలుంటాయి. శాఖల వారీగా, ఏడాది వారీగా అచ్చయిన ఇండెక్సుల్లో జీవో నంబరు, తేదీ రెండూ పట్టుకుంటేనే కాగితం వస్తుంది. మీ విశ్వవిద్యాలయం నుంచి పరిచయ లేఖ లెటర్‌హెడ్ మీద, సంతకంతో తీసుకెళ్లండి.

జపాన్ వైపు కాగితాలకు జాకార్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం 2001 నుంచి ఉంది. జపనీస్ రాకపోతే ఆ దేశపు 102 సంపుటాల అధికారిక యుద్ధ చరిత్రలో బంగాళాఖాతం చర్యలున్న 26వ సంపుటం ఆంగ్లంలోకి వచ్చింది. అది అక్కరకొస్తుంది. దాని ఆధారంగా రాసినప్పుడు మూలం చూశానన్నట్టు ఫుట్‌నోట్ పెట్టకండి. అనువాదం నుంచే తీసుకున్నానని రాయండి.

ఇక తెలుగు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, కృష్ణాపత్రిక అప్పుడు నడుస్తున్నాయి. ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసిన పాత సంచికలు, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడదగ్గవి. ఇవి మీ దగ్గరి పట్టణాల్లో ఉన్నవే కాబట్టి కోర్సుకు బయలుదేరే ముందు వేసవిలోనే ఫోటోలు తీసి పెట్టుకోండి. సెప్టెంబరు తర్వాత ఈ అవకాశం ఉండదు.

వెతికేటప్పుడు ఊళ్ల పేర్లు ఆనాటి రాతలో కొట్టాలి. కేటలాగులో విశాఖపట్నం అని కొడితే ఏమీ రాకపోవచ్చు. ‘విజగపటం’ అని జెడ్ అక్షరంతో, ‘కోకనాడ’, ‘మసూలిపటం’, ‘బెజవాడ’ అని వెతకండి. బర్మాలోని తెలుగువాళ్లు దొర కాగితాల్లో తెలుగువాళ్లుగా కనబడరు. కోరంగి రేవు పేరు మీద ‘కొరింగీ’లుగా కనబడతారు. ఆ ఒక్క మాట తెలియక మొత్తం ఫైలు తప్పిపోతుంది.

క్యూలో ఒక రోజు

లండన్ డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్ దిగి పది నిమిషాలు నడవాలి. ఆది, సోమ వారాలు సెలవు. రీడర్ టికెట్ ఉచితం, ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని గుర్తింపుకు పాస్‌పోర్టు, చిరునామాకు బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటిది తీసుకెళ్లాలి. కొత్తగా వచ్చిన విద్యార్థికి చిరునామా రుజువు దగ్గరే ఇబ్బంది వస్తుంది, కాబట్టి బ్యాంకు ఖాతా అక్టోబరులోనే తెరవండి. లోపలికి పెన్సిలే, పెన్ను పనికిరాదు. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వాడకూడదు. ఫైళ్లు ముందురోజుల్లో ఆర్డరు పెట్టుకుని వెళ్తే తలుపు తెరిచిన వెంటనే పని మొదలవుతుంది.

ఫైలు తెరవగానే మొదటి ఫోటో అట్టదే, ఫైలు నంబరు స్పష్టంగా పడేలా. ఆపైన పేజీలు వరుస తప్పకుండా, ఖాళీ పేజీలు సహా, పేజీ మూలలోని ఫోలియో నంబరు (ఫైలులో ఆ కాగితం వరస సంఖ్య) ఫ్రేములో ఉండేలా. ‘ఇది అక్కర్లేదులే’ అని మధ్యలో పేజీ వదిలితే నాలుగు నెలల తర్వాత ఫుట్‌నోట్ రాసేటప్పుడు ఆ ఉత్తరం ఎవరికి జవాబో తెలియదు. రోజుకు నాలుగైదు వందల ఫోటోలు తీయడం కష్టం కాదు. కానీ వాటిని శ్రద్ధగా చదివి నోట్స్ రాసుకునే వేగం రోజుకు అరవై, డెబ్భై పేజీలు మించదు. మూడు రోజులు ఫోటోలు తీస్తే మూడు వారాల చదువు పోగుపడినట్టే. ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే జులై నెలాఖరుకు ఫోన్ నిండా చదవని బొమ్మలు మిగులుతాయి. అదే సాయంత్రం ఫోటోలను ఫైలు నంబరు పేరుతో ఫోల్డర్లలో పెట్టి, ఇంకోచోట కాపీ చేయండి. రెండు వాక్యాల్లో ఆ ఫైలులో ఏముందో రాసుకోండి.

కాగితం ఏం చెబుతోంది, ఎవరు చెప్పిస్తున్నారు

ఫైలులో ముందు పైన కుట్టిన మినిట్ షీట్ (అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునే కాగితం) చదవాలి, ఉత్తరం తర్వాత. ఏ అధికారి ఏ తేదీన ఏం రాశాడు, ఎవరు కొట్టేశారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది అక్కడుంటుంది. పంపిన ఉత్తరంలో నిర్ణయం ఒక్కటే కనబడుతుంది. దాని వెనుక తగువు మినిట్లలో ఉంటుంది. డ్రాఫ్టు, పంపిన ప్రతి రెండూ ఉంటే పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తించండి. పక్ష నివేదికలో జిల్లా నుంచి వచ్చిన వాక్యం మద్రాసులో మెత్తబడి, ఢిల్లీకి చేరేసరికి ఇంకా మెత్తబడటం చూడవచ్చు. ఉదాహరణ ప్రశ్నలో ‘వదంతి’ అనే మాట ఏ మెట్టు మీద వచ్చి చేరిందో వెతకడమే సగం పరిశోధన.

గడియారాల సంగతి జాగ్రత్త. జపాన్ నౌకాదళ పత్రాలు టోక్యో కాలంలో రాస్తాయి, అది మన కాలం కంటే మూడున్నర గంటలు ముందు. బ్రిటిష్ నౌకాదళ సందేశాల్లో సమయం చివర జెడ్ ఉంటే గ్రీనిచ్ కాలం, మన కాలానికి ఐదున్నర గంటలు వెనక. మూడూ కలిపి ఒకే పట్టికలో భారత కాలంలోకి మార్చి రాసుకోకపోతే, దాడి జరగకముందే హెచ్చరిక వచ్చిందనో, జరిగాక వచ్చిందనో తప్పుగా వాదించే ప్రమాదం ఉంది.

చనిపోయినవారి సంఖ్యల్లో ఇంకా జాగ్రత్త కావాలి. వెబ్‌సైటులో దొరికిన ఒక అంకె పట్టుకోకండి. ప్రభుత్వ ప్రకటన, జిల్లా నివేదిక, పత్రిక, సైనిక ఫైలు... ఒక్కోదానికి ఒక్కో గడి పెట్టి, తేదీతో సహా రాయండి. అంకెలు కలవకపోతే కలపకండి. ఎందుకు కలవలేదో రాయడమే మీ పని. ఓడరేవు కూలీలను ఎవరు లెక్కించారు, ఎవరు లెక్కలోకి రాలేదు అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఇది ఒక్క విశాఖ సంగతి కాదు. మెసొపొటేమియాలో చనిపోయిన భారత సైనికుల స్మారకం బస్రాలో ఉంది. కింది ర్యాంకులవాళ్ల పేర్లు దాని మీద విడివిడిగా చెక్కలేదు. ఇలాంటి వివక్ష జరిగిందని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ తన నివేదికలో ఒప్పుకున్నది 2021లో.

పత్రికలు అప్పట్లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద సెన్సార్‌లో ఉన్నాయి. కాబట్టి ఏప్రిల్ 7న ఏం అచ్చయిందో చూడటంతో ఆగకండి. మార్చిలో వచ్చిన ఇంటి అమ్మకాల ప్రకటనలు, రైళ్ల రద్దీ గురించిన చిన్న వార్తలు, స్కూళ్ల సెలవుల ప్రకటనలు చూడండి. సెన్సార్ అధికారి కన్ను పడని చోట జనం కదలిక కనబడుతుంది.

సైనికుల ఉత్తరాలంటే అందరికీ మోజు. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లోని భారత సైనికుల ఉత్తరాల సెన్సార్ నివేదికలు బ్రిటిష్ లైబ్రరీలో ‘ఎల్/ఎంఐఎల్/5/825’ నుంచి 828 దాకా ఉన్నాయి. అవి గొప్ప ఆధారాలే. కానీ మీ చేతికొచ్చేది ఉత్తరం కాదు. సైనికుడు చెబితే చాలాసార్లు వేరొకరు రాసినది, సెన్సార్ చదువుతాడని తెలిసి రాసినది, దాని నుంచి ఎంపిక చేసిన ముక్కకు ఆంగ్లానువాదం. ఈ పొరలు రాయకుండా ‘సైనికుడు ఇలా అనుకున్నాడు’ అంటే పరీక్షకులు ఒప్పుకోరు. తెలుగు గొంతు కోసం వాటిలో వెతికి నిరాశపడేవాళ్లకు ఒక మాట: కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘యోధ జాతుల’ సిద్ధాంతంతో ఆనాటి సైన్యం ఉత్తరాది నుంచే ఎక్కువగా చేర్చుకుంది. మద్రాసు సాపర్ల (సైనిక ఇంజినీర్ల దళం) కోసం మెసొపొటేమియా ఫైళ్లు చూడాలి. గుర్రపు దళాల మీద ఆసక్తి ఉంటే, 1918లో పాలస్తీనాలో జోధ్‌పూర్, మైసూర్ దళాలతో కలిసి ఉన్న హైదరాబాద్ లాన్సర్ల బ్రిగేడ్ దినచర్యలు ‘డబ్ల్యూఓ 95’లో వెతకండి.

ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే విశ్వవిద్యాలయం ఎథిక్స్ అనుమతి ముందే కావాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అనుమతి లేకుండా సెలవుల్లో అమ్మమ్మను రికార్డు చేసి తెచ్చినా ఆ మాటలు డిసర్టేషన్‌లో వాడనివ్వరు.

శాంతి సగాన్ని వదిలేయకండి

కోర్సు పేరులో రెండు మాటలున్నా విద్యార్థులు ఒక్క యుద్ధం వైపే మొగ్గుతారు. శాంతి చరిత్రలో మనకు దగ్గరి ప్రశ్నలు చాలా ఉన్నాయి, వాటి మీద పోటీ తక్కువ. 1953 జులై 27న కొరియాలో కాల్పుల విరమణ అయ్యాక, స్వదేశానికి వెళ్లనన్న ఇరవై రెండు వేలకు పైగా ఖైదీల బాధ్యతను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించారు. దాని అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య, కాపలా భారత దళానిది. ఒక సైన్యం తుపాకీ పట్టుకుని పోరాడకుండా కాపలా కాయడం ఎలా నేర్చుకుంది అన్నది ఎంఏకు సరిపడే ప్రశ్న. శాంతి కాగితాలు యుద్ధ శాఖలో కాక విదేశాంగ శాఖలో ఉంటాయి: క్యూలో ‘ఎఫ్ఓ 371’, ఢిల్లీలో విదేశాంగ మంత్రిత్వ శాఖ ఫైళ్లు. జెనీవాలోని నానాజాతి సమితి కాగితాలు పూర్తిగా స్కాన్ అయ్యి ఉచితంగా ఉన్నాయి, ప్రయాణ ఖర్చు లేనివాళ్లకు వాటి నుంచే ఒక మంచి డిసర్టేషన్ వస్తుంది.

కాల్పుల విరమణ వేరు, శాంతి ఒప్పందం వేరు. కొరియాలో మొదటిదే జరిగింది, రెండోది ఇప్పటికీ లేదు. మన ఉదాహరణలోనూ యుద్ధం 1945 ఆగస్టుతో కాగితం మీద ముగియలేదు. భారతదేశం 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశానికి వెళ్లలేదు. జపాన్‌తో విడిగా 1952 జూన్ 9న ఒప్పందం చేసుకుని యుద్ధ పరిహారం కోరే హక్కును వదులుకుంది. విశాఖ ప్రశ్న రాసేవాళ్లు ముగింపులో ఈ తేదీ దాకా వెళ్తే డిసర్టేషన్‌లో శాంతి తనంతట తానే వచ్చి చేరుతుంది.

రాయడం

15,000 పదాలకు ఒక లెక్క: పరిచయం 1,800, మూడు అధ్యాయాలు ఒక్కోటి 3,700, ముగింపు 1,200. మిగిలే 900 పదాలు తప్పుల సవరణకు. ఫుట్‌నోట్లు లెక్కలోకి వస్తాయో రావో హ్యాండ్‌బుక్‌లో మొదటి రోజే చూడండి. వస్తే అధ్యాయానికి 400 తగ్గించాలి. అధ్యాయాలను కాలక్రమంలో పెట్టినా ప్రతిదీ ఒక వాదన మోయాలి. మన ఉదాహరణలో మొదటిది రంగూన్ నుంచి వచ్చినవాళ్లు ఏం చెప్పారు, ఎవరు విన్నారు. రెండోది ఏప్రిల్ 5 నుంచి 12 దాకా అధికారులు ఏం ఆదేశించారు, జనం ఏం చేశారు. మూడోది ఆ తర్వాత అధికారులు దాన్ని ఎలా వివరించుకున్నారు.

మొదట రెండో అధ్యాయం రాయండి. కాగితాలు దట్టంగా ఉన్నది అక్కడే. పరిచయం అన్నిటికన్నా చివర. అధ్యాయం చేతికి రాగానే ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రం వరసగా వేరే కాగితం మీద రాసి చదవండి. అవి తేదీల జాబితాలా ఉంటే మీరు కథ చెప్పారు, వాదించలేదు. సూపర్‌వైజర్లు చాలాచోట్ల ఒక్క అధ్యాయం డ్రాఫ్టే చదువుతారు, అదీ జులై మధ్య లోపు. ఆగస్టులో వాళ్లు దొరకరు. అందుకని బాగా వచ్చిన అధ్యాయం కాకుండా మీకు అనుమానం ఉన్న అధ్యాయాన్ని పంపండి.

తెలుగు పత్రిక నుంచి తీసుకున్న మాటలను మీరే అనువదించినట్టు మొదటి ఫుట్‌నోట్‌లో చెప్పి, మూల వాక్యాలను అనుబంధంలో తెలుగు లిపిలోనే ఇవ్వండి. పరీక్షకులకు తెలుగు రాకపోయినా, తర్వాత ఆ కాగితం వెతికేవాళ్లకు అది దారి చూపుతుంది. ఊళ్ల పేర్లు వ్యాసంలో ఇవాళ్టి రూపంలో, ఉల్లేఖనాల్లో ఆనాటి రూపంలో ఉంచండి. చివరి వారం మొత్తం ఫుట్‌నోట్లకే కేటాయించి, ఒక్కో నంబరు ఎదుట ఆ ఫోటో తెరిచి ఫైలు, ఫోలియో, తేదీ మూడూ సరిచూడండి. మూడు వందల ఫుట్‌నోట్లకు నాలుగు పూర్తి రోజులు పడతాయి.